పద్దెనిమిది నిండేలోపు

బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలను బడిలో చేర్చాలని ఇప్పుడు దాదాపు అందరూ ఒప్పుకుంటున్నారు. ఆ పిల్లలకు పద్నాలుగు, పదిహేనేళ్లు వచ్చాక బడిలో ఏం నేర్పాలన్న దగ్గరే ఇంటివాళ్లది ఒక దారి, నేర్పేవాళ్లది ఒక దారి అవుతోంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత విద్యను వాళ్లకు హక్కుగా ఇచ్చింది. పద్దెనిమిది నిండాక ఆ హక్కు తీరిపోతుంది. బతకాల్సిన కాలం మాత్రం ఇంకా నలభై, యాభై ఏళ్లు మిగిలి ఉంటుంది. ఆ కాలం కోసం చివరి మూడు నాలుగేళ్ల బడిని ఎలా వాడుకోవాలన్నదే ఇక్కడి తగవు. ఉయ్యూరులో చెరకూ వరీ వేసే ఒక తండ్రి, అదే మండలంలో పనిచేసే ఒక ప్రత్యేక విద్య టీచరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటున్నట్టు దీన్ని రాస్తున్నాను. మనుషులు కల్పితం, వాదనలు కావు. నా మొగ్గు టీచరు వైపేనని ముందే చెప్పేస్తున్నాను. అయితే ఆ తండ్రి అడిగేవాటిలో కొట్టిపారేయదగ్గది ఒక్కటీ లేదు.

తండ్రి: అమ్మా, మావాడికి పదహారు నిండాయి. నాలుగు అక్షరాలు ఒంటబడతాయని బడికి పంపాం. ఈ మధ్య పలక పక్కన పెట్టించి చొక్కా మడతపెట్టడం, కూరగాయలు తరగడం, కొట్టుకెళ్లి సబ్బు తేవడం నేర్పుతున్నారట. ఇంట్లో వాళ్లమ్మ చేసిపెట్టే పనులకు బడెందుకు చెప్పండి? వాడి ఈడు పిల్లలు ఇంటర్ చదవడానికి విజయవాడ వెళ్లివస్తున్నారు. వీడికి చదవడం, రాయడం వస్తే చాలనుకున్నాం. మీరు అది కూడా వదిలేస్తే, వీడు ఇంతే అని మీరే తేల్చేసినట్టు కాదూ?

టీచరు: మీ బాధ నాకు అర్థమవుతుంది బాబాయి గారూ. కానీ ఒక్కసారి లెక్క చూసుకుందాం. ఆరో ఏట చేరిన పిల్లవాడు పదేళ్లుగా అవే అక్షరాలు దిద్దుతున్నాడు. పదేళ్లలో రానిది అదే పద్ధతిలో మిగిలిన రెండేళ్లలో వస్తుందనుకోవడానికి ఆధారమేముంది? చట్టం షెడ్యూల్లో బుద్ధిమాంద్యానికి ఇచ్చిన నిర్వచనంలో రెండు భాగాలున్నాయి. ఆలోచించడంలో, నేర్చుకోవడంలో ఉండే పరిమితి ఒకటి. నలుగురిలో మెలగడం, రోజువారీ పనులు చేసుకోవడంలో ఉండే పరిమితి రెండోది. మొదటిదాన్ని మనం పెద్దగా మార్చలేం. రెండోదాన్ని నేర్పుతో చాలా మార్చవచ్చు. మరి బడి సమయమంతా మారనిదాని మీదే పోస్తే ఎలా? 1984లో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్రం పెట్టిన జాతీయ సంస్థ, అప్పటి ఎన్‌ఐఎంహెచ్, ఇప్పటి ఎన్‌ఐఈపీఐడీ, ఈ పిల్లల బోధన కోసం చేసిన చెక్‌లిస్టుల్లో పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ల దశను ప్రీ వొకేషనల్ అని విడిగా పెట్టింది. అంటే ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు, మన తెలుగు నేల మీదే ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. అక్షరాలు కూడా వదల్లేదు. బస్సు ముందున్న బోర్డు చదవడం, గడియారంలో ఎనిమిదిన్నర గుర్తుపట్టడం, ఫోన్లో అమ్మ నంబరు కలపడం, ఇవన్నీ చదువే. వాడికి పనికొచ్చే చోట అక్షరం చూపిస్తున్నాం, అంతే.

తండ్రి: డాక్టరు గారు వాడి మానసిక వయసు ఆరేళ్లన్నారు. ఆరేళ్ల పిల్లవాడి చేతికి కత్తిపీటా, పొయ్యీ ఎవరైనా ఇస్తారా?

టీచరు: ఆ మాట పరీక్షలో వచ్చిన మార్కుకి ఒక గుర్తు. మీవాడు ఆరేళ్లవాడు కాడు. పదహారేళ్లుగా ఈ ఊళ్లో తిరిగాడు, చూశాడు, విన్నాడు. వాడి చేతులు పదహారేళ్లవి, గడ్డం వస్తోంది, సిగ్గూ కోపమూ ఆ ఈడువే. ఏ పని నేర్చుకోగలడన్నది ఆ మార్కు చెప్పదు. అమెరికాలో మార్క్ గోల్డ్ అనే ఆయన 1972లో ఒక అధ్యయనం ప్రచురించారు. మధ్యస్థ, తీవ్ర స్థాయి బుద్ధిమాంద్యం ఉన్న 64 మందికి పదిహేను భాగాలున్న సైకిల్ బ్రేకు బిగించడం నేర్పారు. గోల్డ్ పాఠాలు చెప్పలేదు. పనిని చిన్నచిన్న ముక్కలు చేశారు. కొందరికి ఇచ్చిన బ్రేకుల్లో ప్రతి భాగాన్నీ సరిగా పెడితే పైకి కనిపించే వైపు ఎర్ర రంగు వేశారు. దాదాపు అందరూ నేర్చుకున్నారు. రంగు చూసి నేర్చుకున్నవాళ్లు తర్వాత రంగు లేని బ్రేకులు కూడా బిగించారు. పిల్లవాడికి రాలేదంటే మనం నేర్పిన తీరు ఇంకోలా మార్చాలన్నది ఆయన పట్టుదల. నేను నమ్మేదీ అదే.

మన వంటింట్లో అది ఎలా ఉంటుందో చెబుతాను వినండి. కరెంటు కుక్కర్లో అన్నం వండటం మనకి ఒక పని. వాడికి పన్నెండు పనులు. డబ్బా మూత తీయాలి, గ్లాసుతో బియ్యం కొలవాలి, గిన్నెలో పోయాలి, నీళ్లు పోసి కడగాలి, కడుగు వంచాలి, మళ్లీ రెండు గ్లాసుల నీళ్లు పోయాలి, గిన్నె అడుగు తడి తుడవాలి, కుక్కర్లో దించాలి, మూత పెట్టాలి, ప్లగ్గు పెట్టాలి, స్విచ్ వేయాలి, మీట కిందికి నొక్కాలి. వీటిలో వాడు దేని దగ్గర తడబడుతున్నాడో చూస్తాం. సాధారణంగా అది బియ్యం కడిగి వంచేటప్పుడో, నీళ్ల కొలత దగ్గరో అవుతుంది. కొలత దగ్గరైతే గిన్నె లోపల నీళ్లు రావాల్సిన చోట ఒక గీత గీస్తాం. నేర్పడం కూడా చివరినుంచి మొదలుపెడతాం. మొదట అన్నీ మనం చేసి మీట మాత్రం వాడిచేత నొక్కిస్తాం. అన్నం వాడే వండినట్టవుతుంది, పని పూర్తయిన సంతోషం వాడికి మొదటిరోజే దక్కుతుంది. అది కుదిరాక స్విచ్ కూడా వాడే వేస్తాడు, ఆ తర్వాత ప్లగ్గు. చెయ్యి పట్టుకుని చేయించేది కాస్తా వేలితో చూపించడం అవుతుంది, వేలు కాస్తా మాట అవుతుంది, చివరికి పక్కన ఊరికే నిలబడితే చాలవుతుంది. ఈ చివరి మెట్టు చాలామంది మరిచిపోతారు. సాయం తగ్గించుకుంటూ పోకపోతే, నేర్పినట్టే ఉంటుంది గాని వాడు మన మీద ఆధారపడటం తగ్గదు.

తండ్రి: వినడానికి బాగానే ఉంది. కోతల రోజుల్లో మా ఇంట్లో ఎవరికీ ఊపిరి సలపదు. వాడిచేత స్నానం చేయించే బదులు వాళ్లమ్మే రెండు చెంబులు పోసేస్తే అయిదు నిమిషాల్లో అయిపోతుంది. ఇంకో సంగతి. మీ దగ్గర చొక్కా గుండీలు పెట్టుకున్నాడన్నారు, ఇంటికొచ్చాక పెట్టుకోడు. అక్కడ వచ్చింది ఇక్కడికి రాకపోవడమేమిటి?

టీచరు: ఈ రెండో మాట మీరు చాలా సరిగ్గా పట్టుకున్నారు. ఒకచోట నేర్చిన పని ఇంకోచోటికి దానంతటది రాకపోవడం ఈ పిల్లల్లో బాగా తెలిసిన విషయమే. బడిలో ప్లాస్టిక్ నోట్లతో లెక్క చేసినవాడు కొట్టు దగ్గర నిలబడిపోతాడు. అందుకే సబ్బు కోసం నిజం కొట్టుకే తీసుకెళ్తున్నాం. అక్కడ పూర్తి లెక్క నేర్పం. ఖరీదు ఇరవై ఏడైతే మూడు పదులు ఇవ్వడం నేర్పుతాం. అంటే చెప్పిన ధరకి పై పది దాకా పదులు లెక్కపెట్టి, చిల్లర కోసం ఆగడం. కూడికలు, తీసివేతలు రానివాడు కూడా దీంతో సామాను తెచ్చుకోగలడు. గుండీల సంగతికొస్తే, ఇంట్లో వాడికి ఆ అవసరమే రానివ్వడం లేదు. పిన్నిగారి అయిదు నిమిషాలు ఆదా అవుతున్నమాట నిజమే. రోజూ అలాగే ఆదా చేసుకుంటూ పోతే అరవై ఏళ్ల వయసులో కూడా ఆవిడే నలభై ఏళ్ల కొడుకుకి నీళ్లు పోయాలి. అన్ని పనులూ ఒక్కసారి వద్దు. ఈ నెల ఒక్క పని ఎంచుకోండి, ఆ ఒక్కదాంట్లో మాత్రం తొందర పెట్టకండి. బడి తప్పు కూడా ఉంది, ఒప్పుకుంటాను. నేర్పేవాళ్లం ఇంటికి రావాలి, వీధిలోకి రావాలి. ఈ పిల్లల కోసం మండలానికొక భవిత కేంద్రం, అందులో ఒకరిద్దరు నేర్పేవాళ్లుంటే అది కుదరదు. ఒకటి నుంచి అయిదో తరగతి దాకా పదిమంది పిల్లలకి ఒకరు, ఆ పైన పదిహేనుమందికి ఒకరు చొప్పున ప్రత్యేక విద్య టీచర్లు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. మన రాష్ట్రంలో 2025లో 2,260 పోస్టులు మంజూరు చేశారు. ఆ వచ్చేవాళ్లను తరగతి గదిలోనే కూర్చోబెడితే మాత్రం మళ్లీ మొదటికొస్తాం.

తండ్రి: సరే, వీధిలోకి అంటున్నారు. మన రోడ్డు మీకు తెలియంది కాదు. అటు బందరు, ఇటు బెజవాడ, మధ్యలో లారీలు, బస్సులు. క్రషింగ్ సీజనొస్తే చెరకు ట్రాక్టర్లు బారులు తీరతాయి. వీరమ్మతల్లి తిరునాళ్లలో మామూలు పిల్లలే తప్పిపోతారు. వీడు మగపిల్లవాడు కాబట్టి సరిపోయింది. మా బంధువుల్లో ఇలాంటి ఆడపిల్లే ఉంది. దాన్ని ఒంటరిగా గుమ్మం దాటించమంటారా? ఏదైనా జరిగితే మీ చదువు దాన్ని కాపాడుతుందా?

టీచరు: ఏ ప్రమాదమూ లేదని నేను చెప్పను. ఎంత ప్రమాదానికి ఎంత సాయం కావాలో తూచుకోవాలంటాను. హైవే దాటడం వాడికి మొదటి పాఠం కాదు, బహుశా ఆఖరిది కూడా కాకపోవచ్చు. మీ వీధి చివర కొట్టు దాకా ఒంటరిగా, సెంటరు దాకా తోడుతో, బస్సులో మాత్రం ఎక్కించేవాళ్లూ దింపుకునేవాళ్లూ ఉంటే. ఇది కూడా స్వతంత్రమే. ఎవరి సాయం లేకుండా బతికేవాళ్లు మనలో మాత్రం ఎవరున్నారు? 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఉచితం. ఆ అమ్మాయికి బస్సు ప్రయాణంలో డబ్బు లెక్క అనే కష్టమైన మెట్టు తప్పిపోయింది. ఆధార్ చూపించి ఊరి పేరు చెప్పి టికెట్ తీసుకుంటే చాలు.

కానీ మీరు అడిగిన అసలు సంగతి వేరు, దానికి జవాబు దాటవేయను. ఆ అమ్మాయిని ఇంట్లో ఉంచితే భద్రమనుకుంటున్నారు. పిల్లల మీద జరిగే అఘాయిత్యాల్లో చాలావాటికి తెలిసినవాళ్లే కారణమని పోలీసు లెక్కలు ఏటా చెబుతున్నాయి. పైగా ఈ పిల్లలకు మనం చిన్నప్పటినుంచీ నేర్పేది ఒక్కటే, పెద్దవాళ్లు ఏం చెబితే అది చెయ్యమని. రమ్మంటే రావాలి, విప్పమంటే విప్పాలి, పదిహేనేళ్లొచ్చినా ఎవరో ఒకరు స్నానం చేయిస్తుంటారు. తన ఒంటిని ఎవరైనా ముట్టుకోవచ్చన్న అలవాటును ఆ బిడ్డకి మనమే చేశాం. తన స్నానం తను చేసుకోవడం, తలుపు వేసుకోవడం, నెలసరి రోజుల్లో తన పని తను చూసుకోవడం, వద్దని గట్టిగా చెప్పడం, జరిగింది ఎవరికి చెప్పాలో తెలియడం, ఇవి నేర్పడమే కాపాడటం. పోక్సో చట్టం ఉంది, కానీ అది జరిగాక పనికొచ్చేది. దాన్ని వాడుకోవాలన్నా ఆ అమ్మాయి జరిగింది చెప్పగలగాలి.

తండ్రి: ఇంటి పనుల మాట ఒప్పుకున్నాననుకోండి. ఉద్యోగం సంగతి మాత్రం మభ్యపెట్టడమే. డిగ్రీలు చదివినవాళ్లకే దిక్కులేదు. మీవాళ్లు నేర్పేది చూస్తున్నాంగా, కొవ్వొత్తులు, ఫినాయిలు, కాగితం కవర్లు. ఏడాదికోసారి ఎగ్జిబిషన్లో జాలిపడి నలుగురు కొంటారు. బయట ఎవడైనా పనిలో పెట్టుకున్నా రోజుకి యాభై రూపాయలు చేతిలో పెట్టి గాడిదచాకిరీ చేయిస్తాడు. మా ఇంటి పిల్లవాడు హోటల్లో బల్లలు తుడుస్తుంటే ఊళ్లో మేమెలా తలెత్తుకోవాలి?

టీచరు: కొవ్వొత్తుల మాట నేను మీకంటే గట్టిగా అంటాను. ఏ పని నేర్పాలన్నది ఆ ఊరి బజారును చూసి కాకుండా, గదిలో దొరికే సామాను చూసి తేల్చడం మన ట్రైనింగుల్లో పెద్ద జబ్బు. ముందు గదిలో ఏళ్లతరబడి శిక్షణ, సిద్ధమయ్యాక పని అన్న పద్ధతిలో ఆ సిద్ధమయ్యే రోజు చాలామందికి రానేరాదు. దీన్ని తిరగేసి, ముందు నిజమైన పనిలో పెట్టి అక్కడే పక్కన ఒక మనిషి నిలబడి నేర్పే పద్ధతి వచ్చింది. అమెరికాలో సిన్సినాటి పిల్లల ఆసుపత్రిలో 1996లో ప్రాజెక్ట్ సెర్చ్ పేరుతో మొదలైనది ఇలాంటిదే. బడిలో ఆఖరి ఏడాది పిల్లలు తరగతికి బదులు ఆసుపత్రికే వెళ్లి అక్కడి విభాగాల్లో పనులు నేర్చుకుంటారు. అది ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. అదే దేశంలోని వెర్మాంట్ రాష్ట్రం వికలాంగులను వేరే గదుల్లో కూర్చోబెట్టే వర్క్‌షాపులకు 2002లో డబ్బు పూర్తిగా ఆపేసి బయటి ఉద్యోగాల వైపు మళ్లించింది. అక్కడెక్కడో అంటారేమో, 2017లో హుబ్బళ్లిలో మొదలైన మిట్టీ కెఫేను చూడండి. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లతో సహా వికలాంగులే నడుపుతారు. 2023 నవంబరులో సుప్రీంకోర్టు ఆవరణలోనే ఒకటి తెరిచారు. న్యాయమూర్తులకూ, లాయర్లకూ టీ ఇస్తున్నవాళ్ల తల్లిదండ్రులు తలదించుకున్నారా?

ఉయ్యూరులో పని లేకేం బాబాయి గారూ? కిరాణా కొట్లో పప్పులు పొట్లాలు కట్టాలి, టిఫిన్ సెంటర్లో ప్లేట్లు సర్దాలి, ఇస్త్రీ చేసిన బట్టలు ఇంటింటికీ ఇచ్చిరావాలి, నర్సరీల్లో సంచులకు మట్టి నింపాలి. చిలకలపూడి కవరింగ్ నగల పనంతా ఎన్నో చేతులు మారుతుంది, ఒక్కొక్కరు ఒక్కో చిన్న పని చేస్తారు. ఇందులో ఏదో ఒకటి మీవాడికి నేనే కట్టబెట్టేస్తానని కాదు. వాడికేది ఇష్టమో నాలుగుచోట్ల చేయించి చూడాలి. ఒకే పని మళ్లీమళ్లీ చేయడమే వీళ్లకు నచ్చుతుందని అనుకోవడం మన బద్ధకం. కొందరికి నలుగురితో మాట్లాడే పనే నచ్చుతుంది. ఇక కూలి. మీ అనుమానం అక్షరాలా నిజం, అలా దోచుకునేవాళ్లున్నారు. దానికి మందు ఇంట్లో కూర్చోబెట్టడం కాదు. పని నేర్చుకునే మొదటి నెలలకు ఎంత, తర్వాత ఎంత అన్నది కాగితం మీద రాయించుకోవాలి. బ్యాంకు ఖాతాలో వేయించాలి. టీచరో, పని దగ్గర నిలబడి నేర్పిన కోచో నెలకోసారి వెళ్లి చూడాలి. ప్రభుత్వ ఉద్యోగాల్లోనూ దారి తెరుచుకుంది. 1995 నాటి చట్టంలో వీళ్లకి రిజర్వేషనే లేదు. 2016 చట్టం నాలుగు శాతంలో ఒక శాతాన్ని ఆటిజం, బుద్ధిమాంద్యం, మానసిక అనారోగ్యం లాంటివి ఉన్నవాళ్లకు కలిపి ఇచ్చింది. చేయగలిగే పిల్లలను తయారుచేయకపోతే ఆ ఒక శాతం కాగితం మీదే ఉండిపోతుంది.

తండ్రి: ఒకమాట దాచకుండా అడుగుతాను. 2024 జులై నుంచి పింఛను ఆరు వేలు చేశారు. మాకది చాలా ఆసరా. వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరంలో వాడు తన పనులు ఎంతవరకు చేసుకోగలడో కూడా అడిగి రాస్తారు. 2025లో మళ్లీ సర్టిఫికెట్లన్నీ తిరగదోడితే ఎంత గగ్గోలైందో చూశారు. మీరు అన్నీ నేర్పేసి, వాడు అన్నీ చేసుకుంటాడని రాస్తే, ఆ ఆరు వేలూ పోతే?

టీచరు: దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అన్నం వండటం, బస్సెక్కడం వచ్చినంత మాత్రాన డెబ్బై అయిదు శాతం వైకల్యం పింఛనుకు హద్దైన నలభై కిందికి దిగదు. పరీక్షలో చూసేది రెండు మూడు పనులు కాదు, మొత్తం నడవడి. అయినా మీ భయానికి తావిచ్చింది ప్రభుత్వమే. పని నేర్చుకున్నందుకో, నెలకి నాలుగు వేలు సంపాదించినందుకో పింఛను తీసేయబోమని జీవోలో స్పష్టంగా రాయాలి. అది రాయనంతకాలం బిడ్డ ఎదుగుదలా, ఇంటి ఖర్చూ ఒకదానికొకటి అడ్డు పడుతూనే ఉంటాయి. ఇది మీరు నన్ను అడగాల్సింది కాదు, మీరూ నేనూ కలిసి కలెక్టరు గారిని అడగాల్సింది.

తండ్రి: మా తర్వాత వాడి అన్న చూసుకుంటాడు. రాసిచ్చే ఆస్తీ ఉంది. గార్డియన్‌గా ఆ అన్న పేరే పెడితే సరిపోదా?

టీచరు: 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు గారి ఆధ్వర్యంలోని కమిటీ గార్డియన్‌ను నియమిస్తుంది, అది చేయించండి. గార్డియన్ అంటే సంతకం పెట్టే మనిషి. పొద్దున లేచింది మొదలు రాత్రి దాకా వాడి రోజును అన్న బతకలేడు కదా. కోడలొస్తుంది, ఉద్యోగం హైదరాబాదో, అమెరికానో అవుతుంది. తన అన్నం తను పెట్టుకుని, తన బట్టలు తను ఉతుక్కుని, పగలు ఎక్కడో పనికి వెళ్లొచ్చే తమ్ముణ్ని దగ్గర పెట్టుకోవడం వేరు, అన్నీ మంచం దగ్గరికి అందించాల్సిన తమ్ముణ్ని పెట్టుకోవడం వేరు. అయినా అన్నకు భారం తగ్గుతుందని నేను ఇదంతా చెప్పడం లేదు. ఏ చొక్కా వేసుకోవాలి, ఏ కూర తినాలి, జీతంలో ఎంత సినిమాకి పెట్టాలి అన్నవి వాడి ఇష్టాలు. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల ఇష్టానిష్టాలను గౌరవించాలని 2009లో సుచితా శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు అంతకంటే ఎంతో పెద్ద విషయంలోనే చెప్పింది. పనికి వెళ్లలేని పిల్లలూ ఉంటారు, చెంచా పట్టుకోవడమే జీవితకాలపు నేర్పు అయినవాళ్లూ ఉంటారు. వాళ్లు కూడా రెండు చొక్కాల్లో ఒకటి వేలు పెట్టి చూపగలరు. అక్కడినుంచే మొదలుపెట్టాలి.

తండ్రి: అంటే ఇంకో రెండేళ్లే ఉంది.

టీచరు: ఉంది బాబాయి గారూ. స్నానంతో మొదలెడదాం. వచ్చే నెల కొట్టుకి.

ఈ సంవాదం ఇక్కడ ఆపుతున్నాను. ఆ తండ్రి ఒప్పుకోవడంతోనే పని కాదు. టీచరు ఎంత నేర్పినా, పిల్లవాడు ఎంత నేర్చుకున్నా, రమ్మనే గుమ్మం ఒకటి ఉండాలి. ఉయ్యూరు సెంటర్లో, కంకిపాడులో, పామర్రులో కిరాణా కొట్టు, టిఫిన్ సెంటరు, నర్సరీ, మెడికల్ షాపు నడుపుతున్న పెద్దలకు నా విన్నపం ఇది. మీ మండలం భవిత కేంద్రానికి ఒకసారి వెళ్లండి. పదిహేను దాటిన ఒక పిల్లవాణ్నో, పిల్లనో ఎంచుకుని, రోజుకు రెండు గంటల చొప్పున మూడు నెలలు మీ దగ్గర పని నేర్చుకోనివ్వండి. పక్కన నిలబడి నేర్పే టీచరుకు ఒక స్టూలు వేయండి. చేసిన పనికి కూలి లెక్కకట్టి ఆ బిడ్డ చేతికే ఇవ్వండి.